కుడి చెయ్యి పైకి

తిరుపతిలో ఒక కల్యాణమండపం పై అంతస్తులో పొద్దున్నే యోగా నేర్పిస్తాను. నేర్పించేదాన్ని అనాలి. కింద పెళ్ళి ఉన్న రోజుల్లో మమ్మల్ని మిద్దె మీదికి తరిమేవాళ్ళు. సాంబారు తిరగమోత వాసన పైకి వస్తుంటే నేను కళ్ళు మూసుకుని "మనసును ఖాళీ చేయండి" అని చెప్పేదాన్ని. ఎవరి మనసు ఖాళీ అయ్యేదో ఆ కొండమీది స్వామికే తెలియాలి. నా కడుపు ఖాళీగా ఉందన్న సంగతి మాత్రం నాకు బాగా గుర్తొచ్చేది.

సంతోషంగా ఉండాలంటే ఏం చెయ్యాలని అందరూ అడిగేవాళ్ళు. మొదట్లో ఎంతసేపైనా చెప్పేదాన్ని, ఊపిరి గురించి, తిండి గురించి, కోపం తగ్గించుకోవడం గురించి. ఈమధ్య ఆ మాటలంటే నాకే విసుగు పుట్టింది. రాత్రి నిద్ర పట్టి, తెల్లారి గోడ పట్టుకోకుండా లేవగలిగితే అంతకన్నా ఏం కావాలి అనిపించేది. ఆ మాట చెబితే మళ్ళీ క్లాసుకి ఎవరొస్తారు?

గోడ పట్టుకుని లేచేది నేనే. మోకాలు నొప్పి. వజ్రాసనంలోంచి లేచేటప్పుడు ప్రాణం పోయినంత పనయ్యేది. పైకి చిరునవ్వు, లోపల పంటిబిగువు. నొప్పి సరే, నేను ఎక్కి నేర్పించే ఆ వేదిక దిగాల్సి వస్తుందేమోనని భయం. అది దిగితే నేనేమిటో నాకు తెలియదు.

కనిపెట్టింది ఒక్క మనిషే. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల్లో పెరిగి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, నా దగ్గరే నేర్చుకుంది. నేను ఊళ్ళో లేనప్పుడు క్లాసు ఆమే చూసుకునేది. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను నిలదీసింది.

"ఏంక్కా, మెట్టు మెట్టుకూ నిలబడతా ఉండావు? ఎన్నాళ్ళు దాస్తావు? పద, డాక్టరుకు చూపిద్దాం."

ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి తలెత్తకుండానే "ఏ మోకాలమ్మా?" అంది. చెప్పాను. లోపల ఎక్స్‌రే తీసే అబ్బాయి నొప్పి లేని కాలు చాపించాడు. రెండూ పోల్చి చూస్తారు కాబోలు అనుకుని ఊరుకున్నాను. డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఎముక బ్రహ్మాండంగా ఉండాదమ్మా. ఏం భయం లేదు."

నా సంతోషం ఏమని చెప్పను! ఫిల్ము తీసింది నొప్పి లేని కాలికన్న సంగతే మరిచి, ఇన్నేళ్ళ సాధన ఊరికే పోలేదని పొంగిపోయాను. ఆయన ఎడమ మోకాలు నొక్కి "నొప్పి ఈడేనా?" అన్నాడు. కాదని కుడి మోకాలు చూపించాను.

"ఎడమ అని రాయించినారు కదమ్మా!"

రాయించింది నేనే. నేర్పేవాళ్ళం క్లాసులో అందరికీ ఎదురుగా నిలబడతాం కదా, "కుడి చెయ్యి పైకి" అంటూ మేము ఎడమ చెయ్యి ఎత్తుతాం. అద్దంలో చూసినట్టు చూసి, వాళ్ళు కుడిది ఎత్తుతారు. అలా చేసీ చేసీ నా కుడి ఎడమలు నాకే తారుమారైపోయాయి. పక్కనున్న ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. రెండో ఫిల్ము వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

రెండో ఫిల్ములో మోకీలు అరిగిపోయి ఉంది. ఇక నేల మీద కూర్చోకూడదు, మోకాలు మడవకూడదు అన్నాడు డాక్టరు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. ఎవరి మీదో తెలియని కోపం.

"రేపట్నుంచి వేదిక నువ్వే ఎక్కు, ఇంక నేను రాను" అన్నాను.

"రాకుండా యాడికి పోతావు? వెనకాల కుర్చీ వేస్తాను. వచ్చి కూర్చో."

కొన్నాళ్ళు పోలేదు. ఇంట్లో పొద్దున్నే మెలకువ వచ్చేది, లేవబుద్ధి అయ్యేది కాదు. చివరికి ఇంట్లో కూర్చోవడం కూడా విసుగై ఒకరోజు వెళ్ళాను. ఆఖరి వరసలో పెళ్ళివాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. అలాంటి కుర్చీ అడిగినవాళ్ళను నేను ఎంత ఆటపట్టించేదాన్నో!

ఆమె వేదిక మీద నుంచి "కుడి చెయ్యి పైకి" అంది. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తిన చేతితో వరసలన్నీ ఒక పక్కకు వంగితే నేనొక్కదాన్నే ఇంకో పక్కకు వంగాను. వేదిక మీద ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది, అలవాటు కొద్దీ నేనూ ఎడమే ఎత్తాను మరి. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి వెళ్ళిపోదామనుకున్నాను.

ఆమె వేదిక దిగి వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. నా ఎదురుగా నిలబడలేదు. నా కుర్చీ పక్కన, నేను చూస్తున్న వైపుకే తిరిగి నిలబడి, తన కుడి చెయ్యి ఎత్తింది.

"నాతోపాటు ఎత్తుక్కా. ఈ చెయ్యి."

ఇన్నేళ్ళూ అందరూ నా ఎదురుగా నిలబడినవాళ్ళే. నా పక్కన నిలబడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం దించలేదు.