క్యాసెట్టు చివర ఆమెన్

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఫలక్‌నుమా స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే సీమోనన్న అలాంటి రాజే. పదిహేనేళ్లు ఒక్క పాట పాడకుండా ఉన్నాడు. పాడలేక కాదు, అలిగి. చిన్నపిల్లలు అలిగితే అన్నం వేళకు దిగి వస్తారు. ఈయన దిగిరాలేదు.

అంతకు ముందు ఆయన్ని అందరూ రాక్ అండ్ రోల్ సీమోను అనేవారు. నేను పీయూసీ చదివే రోజుల్లో, అరవై ఎనిమిది క్రిస్మస్‌కు, సికింద్రాబాదులో రైల్వే వాళ్ల క్లబ్బు కిటికీ ఊచలు పట్టుకుని ఆయన పాట విన్నాను. జుట్టుకు నూనె దట్టించి, బిగుతు ప్యాంటు వేసుకుని, గిటారు మెడ వెనక పెట్టి, ఎడమ భుజం ఎగరేస్తూ వాయిస్తున్నాడు. ఇంగ్లీషు పాట మధ్యలో మన దక్కనీ మాటలు దొర్లిస్తుంటే దొరసానులు కూడా పడీ పడీ నవ్వారు. ఇంటికి ఆలస్యంగా వెళ్లి నాన్న చేత తిట్లు తిన్నాను. ఆ పాటకు ఆ తిట్లు తక్కువే.

శనివారం డాన్సులో పాడి, ఆదివారం ఫలక్‌నుమాలో వాళ్ల చిన్న చర్చిలో కీర్తనలు పాడేవాడు. ఇది సంఘపెద్ద ప్రకాశం గారికి నచ్చలేదు. ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్కు, ముక్కుసూటి మనిషి. ఒకరోజు అందరి ముందూ, "ఒక్క నోట రెండు పాటలు కుదరవు సీమోను. గిదన్న, గదన్న, ఒకటి ఎంచుకో" అన్నారట. సీమోనన్న రెండూ వదిలేశాడు. గిటారు మంచం కిందికి పోయింది. ప్రతి ఆదివారం చర్చికి పోతాడు, కీర్తన మొదలైతే అందరితో పాటు లేచి నిలబడతాడు, పెదవి మాత్రం కదపడు. ఎదురుగా పాడే ఆడవాళ్లకు పెద్ద ఎవరనుకున్నారు? ఆయన భార్య మాణిక్యమ్మ వదినే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. చార్మినార్ దగ్గర మా నాన్న బాలకిషన్‌ది బట్టల టోకు వ్యాపారం. నాన్నతో పోట్లాడి దుకాణంలో ఓ మూల రేడియోలు, టేప్‌రికార్డర్లు అమ్మడం మొదలుపెట్టాను. ఎనభై నాలుగులో ఒకాయన రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చాడు. నెరిసిన తల, రైల్వే ఖాకీ. నేను పక్కనున్న టేపులో ఏదో హుషారు పాట పెట్టాను. మనిషి కదలకుండా నిలబడ్డాడు కానీ ఎడమ భుజం మాత్రం మాట వినలేదు. ఆ భుజాన్ని నేను గుర్తుపట్టాను.

"సీమోనన్నా! నువ్వేనా? నీ పాటలతోని క్యాసెట్ తీద్దాం."

"ఏంది సేటూ, పొద్దున్నే మజాకా? నా నోరు మూతవడ్డది. ఇంగ తెరవది."

నాకు ఒళ్లు మండింది. దేవుడిచ్చిన గొంతును అటకెక్కించి తాళం వేసేవాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ మంటే. వారం వారం వెంటపడ్డాను. వేగలేక చివరికి, "మాణిక్యాన్ని అడుగు. ఆమె ఊకొడ్తే పాడ్త" అన్నాడు. ఆమె ఒప్పుకోదని ఆయన ధైర్యం.

వదిన బియ్యంలో రాళ్లు ఏరుతూ నా మాటంతా విన్నది. చాట పక్కన పెట్టింది.

"తమ్మీ, ఇన్నేండ్లసంది మందిరంల నేను పాడ్తుంటే ఈయన నా ఎదురుంగ నోరు మూసుకొని నిలవడ్తడు. నాకెట్లుంటదో ఎవలకన్న ఎర్కనా? పాడనీయి. ఒక్కడైతే ఉరికిపోతడు, ఎనక నేను పాడ్త. మందిరంల నాతోని పాడే నీలమ్మను, ఆగమ్మను గూడ తీస్కొస్త."

"మరి మీ ప్రకాశం గారు?"

"మా పేర్లు ఎయ్యకు. తెలిస్తే మందిరం పాటల్లకెళ్లి మమ్ముల తీసేస్తడు. అది పోతే నాకింకేమున్నది?"

ఆమెకు నిజంగానే ఇంకేమీ లేదు. పిల్లలు లేరు. వారమంతా ఇంటి చాకిరీ, ఆదివారం ఆ పాట. అందుకే మాట ఇచ్చాను. అట్ట మీద ఒక్క సీమోను పేరే ఉంటుంది, వెనక పాడింది ఎవరో ఏ ఒక్కరికీ తెలియదు అని.

రికార్డింగు మా బట్టల గోడౌన్లో పెట్టాం. నాలుగు గోడలకూ బట్టల తాన్లే, ఎంత అరిచినా ప్రతిధ్వని రాదు. శుక్రవారం మధ్యాహ్నం బజారు మూసి ఉంటుంది. ఉన్నది ఒకటే మైకు, దూలానికి వేలాడదీశాను. సీమోనన్న దాని కింద, పెళ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే నర్సింహ గుమ్మం దగ్గర, ముగ్గురు ఆడవాళ్లూ వెనక పరుపు గుడ్డల తాన్ల మధ్య. గొంతు ఎక్కువైతే ఓ అడుగు వెనక్కి, తక్కువైతే ముందుకు. ఎవరు తప్పినా పాట మొదటికి రావాల్సిందే.

మొదటిసారి సీమోనన్న నోరు తెరిస్తే గాలి వచ్చింది, పాట రాలేదు. రెండోసారీ అంతే. గిటారు దించబోతుంటే వెనక నుంచి వదిన, "ఏంది, గప్పుడే అలసిపోయినవా? డ్యూటీల అరిసినట్టు అరువు" అన్నది. ఆయన నిజంగానే అరిచాడు. ఆ అరుపు మెల్లగా పాటలోకి ఎక్కింది. మునుపటి గొంతు కాదది, కిందికి దిగింది, గరుకెక్కింది. కానీ ఉంది! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సింహ డ్రమ్ము వాయిస్తూనే నవ్వాడు.

అన్నీ ఆయన సొంత పాటలే. స్టేషను మీద ఒకటి, ఇరానీ చాయ్ మీద ఒకటి, కదలని పాసింజరు బండి మీద ఒకటి, ఇంకా కొన్ని. చీకటి పడకముందే అయిపోయాయి. చివరి పాట ఆగగానే వెనక ముగ్గురూ కళ్లు మూసుకుని, మూడు మెట్లుగా గొంతు ఎత్తి, "ఆ...మెన్" అని సాగదీశారు. అప్పుడు నేను టేపు ఆపాను. పాటకు ముగింపు భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. చర్చి గడప తొక్కని నాకేం తెలుసు? ఆ ముగ్గురికీ పాట అయ్యాక ఆమెన్ అనడం ఊపిరి వదలడం లాంటిది, అన్నట్టు వాళ్లకే తెలియలేదు. సీమోనన్న ఆ సంతోషంలో ఈ లోకంలో లేడు.

కాపీలు తీసి చార్మినార్ నుంచి ఫలక్‌నుమా దాకా దుకాణాలకు పంచాను. చాయ్ హోటళ్లలో మోగింది, ఆటోల్లో మోగింది. పది రోజులు నేను గాలిలో తేలాను. ఆ తర్వాత సీమోనన్న దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు.

"కొంప మునిగింది సేటూ! ప్రకాశం సారు ఇన్నడంట. ఆఖర్ల మా మందిరం ఆమెన్ ఉన్నది. నీలమ్మ లెక్క ఆమెన్ సాగదీసేటోళ్లు ఈ దునియాల ఇంకెవలున్నరు? ఆదివారం అందరి ముంగట మాట్లాడ్తనన్నడు."

"నాకు తెల్వదని చెప్పమను వదినను."

"చెప్పిన. 'దేవుని మందిరంల అబద్ధమాడుమంటవా' అని నా మీదకే లేసింది."

ఉన్న ఒక్క సంతోషాన్నీ ఆమెకు నేనే పోగొట్టాననిపించింది. ఆదివారం నేనూ పోయి, చెప్పులు బయట వదిలి, చర్చి గుమ్మంలో నిలబడ్డాను. మాణిక్యమ్మ వదిన ముందు వరుసలో నిటారుగా కూర్చుంది. పక్కన నీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ప్రసంగం అయ్యాక ప్రకాశం గారు లేచారు. మనిషి ముసలివాడే కానీ గొంతులో అధికారం తగ్గలేదు.

"మన ఆమెన్ తీస్కపోయి డాన్స్ పాటకు ఎవలు అతికిచ్చిన్రు?"

వదిన లేచింది. "నేనే, అయ్యగారూ." ఆగమ్మ లేచింది. నీలమ్మ ఏడుస్తూ లేచింది. అటు మగవాళ్లలోంచి సీమోనన్న లేచి, "పాట నాది. ఎల్లగొడ్తే నన్ను ఎల్లగొట్టున్రి, ఆమెను పాడనీయిన్రి" అన్నాడు. అంత బతిమాలే గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వు ఆగు సీమోను" అన్నారు ప్రకాశం గారు. "నీలమ్మా, రెండో మెట్టు కాడ నీ శ్రుతి దిగింది. ఎన్నిసార్లు ఇన్నా గట్లనే దిగుతున్నది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టరు గారు మాత్రం మెల్లగా, "ఎన్నిసార్లు ఇన్నరేంది ప్రకాశం గారూ?" అని అడిగారు.

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సీమోనన్న వైపు తిరిగారు.

"ఒకటి ఎంచుకోమన్న. రెండూ ఇడిసిపెడ్తవనుకోలే. వారం వారం నీ మూసిన నోరు సూసి, ఈ గొంతు నేనే సంపిననుకున్న. మొన్న హోటల్ల నీ పాట ఇన్నంక పాణం నిమ్మలమైంది. గిన్నేండ్లకు నిమ్మలంగ నిద్రవోయిన." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "ఎవలనూ తీసేసేది లేదు. అమ్మా మాణిక్యం, పాట ఎత్తుకో."

నా గుండెల మీంచి గోధుమ బస్తా దించినట్టయింది.

వదిన కీర్తన ఎత్తుకుంది. అందరూ లేచారు. మొదటి చరణం సీమోనన్న అలవాటుగా నోరు మూసుకునే ఉన్నాడు. మొండి కదా, వెంటనే లొంగుతాడా? రెండో చరణంలో, మగవాళ్ల వరుసలోంచి గోడౌన్లో విన్న ఆ గరుకు గొంతు లేచింది.

మాణిక్యమ్మ వదిన పాడలేకపోయింది. సగం మాట దగ్గర ఆగిపోయి, ఆయన్నే చూస్తూ, చేతులు జారవిడిచి నిలబడిపోయింది. ఆగమ్మ, నీలమ్మ పాటను నడిపించారు. కీర్తన అయిపోయే దాకా ఆమె ఒక్క మాట పాడలేదు, తన మొగుడి పాట విన్నది.