కుడి అన్న మాట

మా అమ్మ తొడ ఎముక విరిగి వేలూరు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేను బేరమాడనిది ఒక్క దేవుడితోనే. అదీ వీలు కుదరక. గుడియాత్తంలో లుంగీల అంగడిలో పెరిగినవాణ్ణి. ఎదుటి మనిషి మొదటి మాటను చివరి మాటగా తీసుకోవడం మా ఇంటావంటా లేదు. కిటికీ పక్క మంచం కావాలన్నాను. ఇద్దరం తోడుంటామన్నాను. ఆపరేషన్ల వరసలో అమ్మను కాస్త ముందుకు జరపమన్నాను. వార్డు పెద్ద సిస్టరు దేనికీ ఒప్పుకోలేదు. ఆమెది ఆర్కాడు, ఇంట్లో తెలుగే. గొంతు పెంచదు, మాట తగ్గించదు. ఈమె అంగడి పెడితే నెల తిరక్కుండా మూసేస్తుందని మనసులో తేల్చేశాను.

"మత్తిచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాల నాయనా," అని ముందురోజే చెప్పింది. "లోపల ఏమన్నా ఉంటే పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాది. అట్ల పోతే మనిషి దక్కేది కష్టం."

మంచం తలవైపు కొక్కేనికి 'నోటికి ఏమీ ఇవ్వరాదు' అన్న బోర్డు తగిలించి పోయింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఫ్లాస్కు నిండా మజ్జిగ తెచ్చాను, ఆపరేషన్ అయ్యాక పనికొస్తుందని. ఎప్పుడివ్వచ్చో అడగలేదు. సరుకు ముందే తెచ్చి పెట్టుకోవడం అంగడివాడి బుద్ధి. ఫ్లాస్కు మంచం పక్కన పెట్టి, చేతిలోని పసుపు గుడ్డసంచికి చోటు వెతికాను. కనిపించిన కొక్కెం అదొక్కటే. సంచి తగిలించి మొహం కడుక్కోడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి కొత్త నర్సమ్మ ఒకామె అమ్మ తల ఎత్తి పట్టుకొని మజ్జిగ తాగిస్తోంది.

ఆ అమ్మాయిది తిరునెల్వేలి వైపు, తెలుగు రాదు. అప్పుడే డ్యూటీకి వచ్చింది. దుప్పటి సర్దబోతూ, ఏ కాలికి దెబ్బో తెలియక "ఎంద కాల్ మా?" అని అడిగిందట. అమ్మకు తమిళం నాకంటే బాగా వచ్చు. కానీ పళ్ళసెట్టు తీసేశారు, నొప్పికి తెలుగొక్కటే మిగిలింది. "కుడి, కుడి" అంది. తమిళంలో కుడి అంటే తాగడం. బోర్డు నా సంచి కింద ఉంది. ఫ్లాస్కు ఎదురుగా ఉంది. నర్సమ్మ ఇచ్చింది వద్దనడం అమ్మకు తెలియదు.

సంచి తీసి బోర్డు చూపించాను. ఆ అమ్మాయి మొహంలో నెత్తురు లేదు.

అప్పుడు నేను చేసింది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. బేరం మొదలుపెట్టాను. "అరగ్లాసు కూడా లేదు కదమ్మా. ఇవాళ ఆపరేషన్ తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో. నేను చెప్పను, నువ్వూ చెప్పొద్దు," అన్నాను తమిళంలో. ఇంకా మెత్తగా, "నీ ఉద్యోగం కూడా చూసుకో," అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి నేరుగా పెద్ద సిస్టరు దగ్గరికి నడిచింది. నేను వెంట పరుగెత్తాను.

సిస్టరు రెండే అడిగింది: ఎంత, ఎప్పుడు. తర్వాత, "వచ్చి చెప్పినావు, మంచి పని చేసినావు. పోయి ఆ అమ్మ పక్కనే ఉండు," అంది తమిళంలో. థియేటరుకు ఫోన్ చేసి అమ్మ ఆపరేషన్ ఇవాళ్టికి ఆపమంది. అవతలి డాక్టరు కేకలు నాక్కూడా వినిపించాయి. "పేషెంట్ల సంగతి చెప్పకముందే ఆమెను మంచాల దగ్గరికి పంపింది నేను డాక్టర్," అంది. ఆ అమ్మాయి పేరు ఎత్తలేదు.

"గంట ఆగి చేయకూడదా సిస్టరమ్మా? నీళ్ళమజ్జిగే కదా."

"ఈడ బేరం లేదప్పా."

మా వేళకు ట్రాలీ వచ్చింది. పక్క మంచం ఆమెను ఎక్కించుకొని పోయింది. దాని చక్రాల కిరకిర వరండా మలుపు తిరగకముందే అమ్మ కళ్ళు తేలేసింది. మజ్జిగంతా కక్కింది, కరివేపాకు తునకలతో సహా. ఆ అమ్మాయి అమ్మ తలను చటుక్కున పక్కకు తిప్పి, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. నేను సంచి పట్టుకొని నిలబడ్డాను. నా మాట నెగ్గి ఉంటే ఈ వేళకు అమ్మ మత్తులో ఉండేది. తల తిప్పుకోవడం ఆమె చేతిలో ఉండేది కాదు.

సాయంత్రం ఆ అమ్మాయిని అడిగాను, నా మాట ఎందుకు వినలేదని. "చేరిన రోజు సిస్టరు తను చేసిన తప్పొకటి మా అందరి ముందూ చెప్పారు," అంది. "వేరే చోటైతే దాచేదాన్నేమో." ఆ 'ఏమో' నాకు చలి పుట్టించింది.

పెద్ద సిస్టరు నన్ను ఒక్క మాటా అనలేదు. సంచి ఎవరిదో కనుక్కుని, "మీరు మాత్రం యాడ తగిలిస్తారు, చోటు లేకపోతే," అని, మర్నాటికల్లా ప్రతి మంచానికీ రెండో కొక్కెం కొట్టించింది.

మర్నాడు ట్రాలీ ఎక్కించే ముందు ఆ అమ్మాయి అమ్మ కాలు తాకి, కొత్తగా నేర్చిన తెలుగులో "కుడి?" అంది.

"కుడి కాలే తల్లీ," అంది అమ్మ. "తాగేదానికి కాదు."

థియేటరు తలుపులు మూసుకున్నాయి. మధ్యాహ్నం అమ్మ తిరిగొచ్చేదాకా కొత్త కొక్కెం ఖాళీగానే ఉంది. సంచి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.