మూడు చుట్లు

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా పెరటి బావికి ఏటా ఎండాకాలంలో పూడిక తీసేవాళ్లు. మా నాన్న, అంటే బాపు, లోపలికి దిగి బురద తవ్వి బకెట్ నింపితే, ఆయన తండ్రి, మా తాతయ్య, గిరక మీదుగా తాడుతో పైకి లాగేవాడు. తాతయ్యది బొగ్గుగనిలో బాయిలర్ పని. ఆయన పొయ్యిలో బొగ్గు వేస్తే పుట్టే ఆవిరే గనిలోని మనుషుల్ని పైకి తెచ్చేది. అందుకే బావి దగ్గర కూడా తాడు ఆయనకే ఇచ్చేవారు.

బకెట్ పైకి రాగానే ఆయన తాడును పక్కనున్న గుంజకు మూడు చుట్లు తిప్పి, కొస నా చేతికిచ్చి, వేలాడుతున్న బకెట్‌ను అందుకుని బురద గుమ్మరించడానికి గట్టు దగ్గరికి వెళ్లేవాడు. "చుట్లు తియ్యకు బిడ్డా. కింద మీ బాపు ఉన్నడు" అని ప్రతిసారీ చెప్పేవాడు. అంత బరువూ నా చేతికి తెలిసేదే కాదు. మోస్తున్నది నేనా, గుంజా చూద్దామనుకున్నాను. ఒక చుట్టు తీశాను. ఏమీ కాలేదు. రెండోదీ తీశాను.

తాడు నా చేతిలోంచి దూసుకుపోయింది. తాతయ్య వెనక్కి తిరిగి, పరుగెత్తుతున్న తాడును రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఆయన అరచేతుల్లో జారి జారి ఆగింది. బకెట్ బాపు తలకు జానెడు ఎత్తున వేలాడింది.

"ఏమైందే బాపూ? చంపుతవా ఏంది?" అని లోపలి నుంచి బాపు కేక.

తాతయ్య నా వైపు చూశాడు. "నా చెయ్యి జారింది రా" అన్నాడు బావిలోకి.

బకెట్ నెమ్మదిగా దించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. నా వేలు పట్టి, తాడు ఒరుసుకున్న చోట గుంజకు తాకించాడు. వెచ్చగా ఉంది.

"అగ్గిపుల్ల గీయలే. గీ వేడి ఏడికెల్లి వచ్చింది? బాయిలర్ కాడ వేడి బరువును లేపుతది. గిక్కడ బరువు దిగి వేడైంది. లేపింది ఉత్తగ పోదు బిడ్డా, ఎక్కడనో ఒక కాడ తేలుతది."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను బాపుకు నిజం చెప్పేసేదాన్నేమో.

పదిహేను రోజులు నానమ్మే ఆయనకు అన్నం తినిపించింది. మరుసటి ఏడు బాపు తాడును పక్కింటాయన చేతికిచ్చాడు. "మా బాపు తాడు పట్టుకుంటే కిందున్నోడు దేవుణ్ణి తల్సుకోవాలె" అని అందరి ముందూ అనేవాడు. తాతయ్య కూడా నవ్వేవాడు. నవ్వి, ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయన పోయిన రోజున కూడా నేను నోరు విప్పలేదు.

బాపు పోయిన నెల పోయాడు. చివరి రోజుల్లో ఒకసారి, చెబుదామనే పక్కన కూర్చున్నాను. తాతయ్య మాట ఆయనే ఎత్తాడు. "మంచోడే. చేతులల్లనే బలం లేకుండె" అన్నాడు. నేను అవునన్నాను.

ఇప్పుడు చలికి ఎవరైనా అరచేతులు రుద్దుకుంటుంటే చూస్తాను, వాళ్లకు హాయిగా ఉంటుంది. నేనూ మొదలుపెడతాను. కొంచెం వెచ్చబడగానే ఆపేస్తాను.