కోస్తా పిల్ల నోట మా ఊరి మాట

నాతోపాటు పీహెచ్‌డీ చేసిన ఆ అమ్మాయిది కోస్తా. ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడి భాష వేరు అయితే పిల్లలు ఎలా నలిగిపోతారన్నదే మా ఇద్దరి పరిశోధన. ఆమెకో అలవాటు ఉండేది. ఎవరైనా కొత్త మాట అంటే, కొత్త బెల్లం రుచి చూస్తున్నట్టు దాన్ని పెదవుల మీద ఒకసారి అనుకునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మా ఇంట్లో సామాను ఒక్కొక్కటే ఎత్తుకుపోతున్నట్టుండేది.

మాది ఉరవకొండ పక్క ఊరు. 'ఎక్కడ' అనకుండా 'యాడ' అన్నందుకు బడిలో తొడపాశం తిన్నది నేను. నాలుక తోమి తోమి పుస్తకాల తెలుగు నేర్చుకున్నదీ నేనే.

ఒకసారి ఆమెను మా ఊరికి తీసుకెళ్లాను. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ల మధ్య కూచుని, తనూ ఒలుస్తూ, "మీ పిల్లోళ్లు యాడ సదువుతాండారక్కా?" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత బడిలో తమ పిల్లలు పడ్డ అవమానాలన్నీ ఆమెకు చెప్పుకున్నారు. అదే బడి గురించి నేను అడిగితే, "బాగనే సెప్తారు మేడం" అన్నారు, నన్ను చంకనెత్తుకుని తిరిగినవాళ్లు.

ఆమె థీసిస్‌ను అందరూ పొగిడినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. అదీ ఓర్చుకున్నాను.

మొన్న ఫోన్‌లో అమ్మ అడిగింది.

"ఆ పాప మళ్లా ఎప్పుడొస్తాది? మనింటి పిల్ల మాదిరి మాట్లాడ్తాది."

"మరి నేను?" అన్నాను.

"నీకేమమ్మా, టీవీలో వార్తలు సదివినట్ల మాట్లాడ్తావు," అంది అమ్మ, ఎంతో గర్వంగా.