చౌరస్తాలో రేఖ ఫ్లెక్సీ

ముత్తమ్మ నోరు ఊరందరికీ తెలుసు. శంషాబాద్ బస్టాండు దగ్గర కూరగాయలు అమ్మేవాళ్లు ఆమె వస్తోందంటే పుచ్చు వంకాయలను గోనె కిందికి తోసేస్తారు. విమానాశ్రయానికి పొలం పోయాక ఆమె, భర్త అనంతయ్య ఇంటి వెనక గదులు కట్టి కిరాయికి ఇచ్చుకుని బతుకుతున్నారు. పిల్లలు కలగలేదు. దానికి ఎవరైనా అయ్యో అంటే, "నీకు ముగ్గురున్నరు గదా, ఏం సుఖపడుతున్నవో జర చెప్పు, వింట" అనేది. మళ్లీ ఆ అయ్యో ఎవరి నోటా రాలేదు.

ఆ ఇంటికి రేఖ ఎనిమిదేళ్లప్పుడు వచ్చింది. దత్తత కాదు. తల్లి పోయింది, తండ్రి తాగి కొడితే ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. అట్లాంటి పిల్లలను హాస్టల్లో పెట్టే బదులు, పెంచుతామన్న ఇంటికి సర్కారు అప్పగిస్తుంది. పిల్ల సర్కారుది, పెంపకం మనది. ఆ మాటకొస్తే ఎవరి పిల్లలు ఎవరి సొంతమో చెప్పమనండి, అది వేరే మాట.

మొదట్లో చాలా రోజులు రేఖ చెప్పులు వేసుకునే పడుకునేది. ఎప్పుడు పరుగెత్తాల్సి వస్తుందో ఏమో. ముత్తమ్మ అంతటి నోరు దీనికి మాత్రం తిట్టలేదు. పొద్దున్నే బొంత తీసి మట్టి దులిపేది, మళ్లీ పరిచేది. ఒక రోజు చెప్పులు గడప బయట కనబడ్డాయి. అప్పుడు కూడా ఏమీ అనలేదు. అమ్మ అని పిలవమని అడగలేదు. పిల్ల తనంతట తానే "పెద్దమ్మా" అంది, అదే స్థిరపడింది.

నెలకోసారి, రేఖను అప్పగించిన పిల్లల ఆఫీసు నుంచి మాధవీలత మేడం వచ్చి చూసి పోయేది. ఆమెది కోస్తా మాట. "అండీ" అనకుండా కోడిని కూడా అదిలించదు.

"వాళ్ల నాన్నకి ఈ ఇల్లు తెలియకూడదండీ. తెలిస్తే పాపని ఇక్కడ ఉంచడం కుదరదు. అందుకే పాప ఫోటో ఎక్కడా పెట్టకండి. వాట్సాప్‌లో అసలే వద్దు" అని వచ్చినప్పుడల్లా చెప్పేది.

"నాకు సదువు లేదు గని చెవులున్నయి. ఫోన్ల పెట్టను, సరేనా? చాయ్ తాగి పో" అనేది ముత్తమ్మ.

పెట్టలేదు కూడా. బతుకమ్మ ఆడుతుంటే కిరాయికి ఉన్నామె ఒకతి రేఖను ఫోన్లో తీసింది. ముత్తమ్మ పక్కన నిలబడి, అది పోయిందని నమ్మకం కుదిరేదాకా చెరిపించింది.

పన్నెండో ఏట రేఖ పెద్దమనిషి అయింది. ముత్తమ్మ మూలన చాప వేసి కూర్చోబెట్టి కుడుక, బెల్లం చేతికిచ్చింది. అనంతయ్య వదిన తారాబాయి చూడ్డానికి వచ్చి గడపలోనే నిలబడింది.

"ఎవరి పిల్లనో తెచ్చి మూల కూసోపెట్టినవ్. ఎవరికి తెల్వకుంట ఇన్ని నీళ్లు పోసి లేపు, అయిపోతది. దీనికేం ఫంక్షన్?"

"మీ మనుమరాలి ఫంక్షన్‌కు గుర్రం బండి తెచ్చిన్రు గదా అక్కా. గా గుర్రం మీకేమైతది?" అంది ముత్తమ్మ.

తారాబాయి బెల్లం కూడా ముట్టకుండా పోయింది. కానీ దీనికేం ఫంక్షన్ అన్న మాట ముత్తమ్మను వదల్లేదు. ఆ చుట్టుపక్కల ఆడపిల్ల పెద్దదైతే చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టడం రివాజు. ఫ్లెక్సీ లేదంటే ఆ ఇంట్లో ఏదో లోటుందని అర్థం. తమ్ముడు మల్లేశ్వర్‌ను వెంటబెట్టుకుని దుకాణానికి పోయి, అందరికంటే పెద్దది చేయించింది. నడిమిట్ల రేఖ, వెనక నెమళ్లు, కింద మేనమామగా నల్లద్దాలు పెట్టుకున్న మల్లేశ్వర్.

మేడం చెప్పింది ఆమె మరిచిపోలేదు. ముత్తమ్మ లెక్కలో ఫోన్ అంటే ఎక్కడెక్కడి వాళ్లో చూసేది, ఫ్లెక్సీ అంటే మనవాళ్లు చూసేది. మనవాళ్ల దగ్గర దాచేదేముంది? అది ఊరి చౌరస్తా అనే ఆమె అనుకుంది. పుట్టినప్పటి నుంచీ అది ఊరి చౌరస్తాయే మరి. ఇప్పుడు బెంగుళూరు రోడ్డు మీద పోయే బండ్లన్నీ అక్కడే మెల్లగవుతాయన్నది ఆమెకు తట్టలేదు.

ఫంక్షన్ రోజు మల్లేశ్వర్ పట్టు లంగా ఓణీ పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, నేను ఈ పిల్లకు ఏ లెక్కన మేనమామనని ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

"మా అక్క కొడ్తదని వచ్చిన అని చెప్పు."

రేఖ కూడా నవ్వింది. పసుపు రాసిన ముఖంతో కుర్చీలో కూర్చుని ఉంది.

భోజనాల వరసలో చివర ఒకాయన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, మనిషి సన్నం. గేటు బయట నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. దాని డ్రైవర్, కిరాయి వాళ్ల చుట్టమేమో అనుకుంది ముత్తమ్మ. బగారన్నం ఆమే వడ్డించింది. "సిగ్గుపడకు తమ్మీ, ఇంకో ముక్క ఏసుకో" అని మటన్ కూడా వేసింది. అతను నింపాదిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"నా బిడ్డకు మంచిగ చేసినవక్కా. చౌరస్తాల బొమ్మ చూసి వచ్చిన. ఇల్లు తెలిసింది గదా ఇగ, మల్లొస్త తియ్."

ముత్తమ్మ తల తిప్పి చూసింది. కుర్చీలో రేఖ కదలడం లేదు. కుడిచెయ్యి ఎడమ మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. అతను ట్యాంకర్ ఎక్కి పోయాక కూడా ముత్తమ్మ గంటె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఎవరో పెరుగు అడిగితే పోసింది.

మర్నాడు పొద్దున బొంత తీస్తే మట్టి రాలింది. రేఖ మళ్లీ చెప్పులతో పడుకుంది.

"మేడంకు చెప్పకు," అన్నాడు అనంతయ్య. "చెప్తే పిల్లను తీస్కపోతరు. వాడొస్తే నేను లేనా?"

"నువ్వా? పిల్లి దూకితే నన్ను లేపుతవ్."

అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. ఫ్లెక్సీ విప్పుకు రమ్మని అతన్ని పంపి, ఫోన్ తీసింది.

"మేడం, నేను ముత్తమ్మ. పిల్ల ఫ్లెక్సీ చౌరస్తాల కట్టిన. వాడు చూసి ఇంటికొచ్చిండు. అన్నం తిని పోయిండు. నేనే వడ్డించిన. పిల్ల నిద్రపోతలేదు. వచ్చి తీస్కపో."

"ముత్తమ్మగారూ, మీరు కంగారు పడకండి..."

"పరేషాన్ ఏం లేదు. జల్ది రా, గంతే."

పిల్లల సంక్షేమ కమిటీ వాళ్లు ఆఫీసులో బల్ల వెనక కూర్చుని అడిగారు. ఫోటో పెట్టొద్దని చెప్పలేదా? చెప్పిన్రు. మరి ఎందుకు పెట్టారు? ఆడపిల్లకు పెడ్తరు. తండ్రి సంగతి పోలీసులు చూస్తారన్నారు. ఇల్లు తెలిసిపోయింది కనుక పిల్లను వేరే జిల్లాలో ఇంకో ఇంటికి పంపుతామన్నారు. వెళ్తావా అని రేఖను అడిగితే సరేనని తల ఊపింది. ముత్తమ్మకు ఆ ఊపు కనబడింది. ఒంట్లో ఎక్కడా ఏమీ కాలేదు. పన్ను పీకేముందు దవాఖానలో సూది వేస్తే దవడ ఉంటుంది చూడండి, అట్లా ఉంది.

తీసుకుపోయే రోజు జడ గట్టిగా అల్లింది. రేఖ అద్దంలోంచి అడిగింది.

"పెద్దమ్మా, నేనేం చేసిన?"

"నువ్వేం చేస్తవ్? ఫోటోల మంచిగ పడ్డవ్."

జీపు మలుపు తిరిగాక అనంతయ్య చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాడు. ముత్తమ్మ ఏడుస్తుందేమో చూద్దామని నలుగురు ఆడవాళ్లు గేటు దగ్గర చేరారు. తారాబాయి ముందుకు వచ్చి, "పోయిందా?" అంది.

"పోయింది. నువ్వు గూడ పో."

తర్వాత రోజులు గడిచాయి. వండింది, తిన్నది, కిరాయి వాళ్లతో నీళ్ల కోసం తగాదా పడింది. కోపం రాకుండానే తిట్టింది. తిట్లన్నీ వరసగా అలవాటు మీద వచ్చాయి.

ఒక మధ్యాహ్నం మాధవీలత మేడం ఫోన్ చేసింది. "పాపని చూడ్డానికి వచ్చానండీ. ఒక్కసారి మీతో మాట్లాడతానంటోంది."

"పెద్దమ్మా..."

"అన్నం తిన్నవా?"

"తిన్న. సొరకాయ కూర."

"ఆ."

"ఈడ మంచిగనే ఉన్నది పెద్దమ్మా. ఇంటెన్క చెరువున్నది. ఈ ఊరి పేరు..."

"చెప్పకు," అంది ముత్తమ్మ.

"ఎందుకు?"

"ఏ ఊరో నాకు చెప్పకు బిడ్డా. ఎవరికీ చెప్పకు."

రేఖ చెప్పలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు. ముత్తమ్మకు అవతల ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వినబడింది. మేడం తీసుకుని, "ఉంటానండీ" అని పెట్టేసింది.

కిరాయి వాళ్లు నీళ్లు రావడం లేదని అరుస్తున్నారు. ముత్తమ్మ లేచి పోయి మోటారు వేసింది.