నెస్టా కూర్చోవలసిన ఎత్తు

బస్సు డిపోలో పనిచేసినన్నాళ్ళూ విల్ఫ్ ఆర్మరాడ్ ఇంట్లో స్పానరు ముట్టుకోలేదు. రిటైరయ్యాడో లేదో కారు కట్టడం మొదలుపెట్టాడు. కొనడం కాదు, కట్టడమే. చట్రం ఒకచోటి నుంచి, ఫైబర్ బాడీ ఇంకోచోటి నుంచి, ఇంజనూ ఇరుసులూ తుప్పుపట్టిన పాత కారులోంచి తెచ్చి గ్యారేజీ నిండా పరిచాడు. బర్న్లీలో మా వీధికి అలాంటి పిచ్చివాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. రెండోవాడు మా ఆయన. ఆయన పోయాక మిగిలిన సగం కారు మీద నేను బట్టలారేసుకుంటున్నాను.

కారు పూర్తయితే మొదటి ప్రయాణం మోర్‌కామ్ సముద్రతీరానికి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానని విల్ఫ్ తన భార్య నెస్టాకి మాటిచ్చాడు. పైకప్పు లేని రెండు సీట్ల బండి. తలకి కట్టుకోవడానికి నెస్టా ఆకుపచ్చ స్కార్ఫు కూడా కొనిపెట్టుకుంది. అయితే కారు ముందుకు సాగినకొద్దీ ఆవిడ తుంటి కీళ్ళు బిగుసుకుపోసాగాయి. ఆ బండి సీటేమో ఇంచుమించు రోడ్డు మీద చతికిలబడ్డట్టుంటుంది. అందులోకి దిగాలంటే పడుచుపిల్లలే మూలుగుతారు.

నెస్టా కుర్చీలోకి రెండు చేతులూ ఆనించి దిగడం విల్ఫ్ చూశాడు. ఏమీ అడగలేదు. మా ఊరి మగవాళ్ళు అలాంటివి అడగరు. మర్నాడే పదమూడు అంగుళాల చక్రాలు పక్కన పడేసి, పదిహేను అంగుళాలవి వేస్తానన్నాడు. చక్రం పెరిగితే బండి లేస్తుంది, బండి లేస్తే సీటు లేస్తుంది, నెస్టా కూర్చోగలుగుతుంది. అదీ ఆయన లెక్క.

పాత సామాన్ల సంతలో వెడల్పాటి చక్రాలు దొరికాయి. నాలుగు బోల్టు రంధ్రాలూ సరిపోయాయని సంబరపడ్డాడు. రంధ్రాలు సరిపోతే చాలదు. ఇరుసుకి ఆనే ముఖం చక్రం నడిమధ్య నుంచి ఎంత పక్కకుందో చూసుకోవాలి. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. అది తక్కువైతే చక్రం మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఎక్కువైతే లోపలికి పోయి, స్టీరింగు తిప్పగానే టైరు లోపలి స్టీరింగు రాడ్డుకి రాసుకుంటుంది. మధ్యలో మిగిలే సందు వేలెడు. మా ఆయన పుణ్యమా అని ఇదంతా నాకూ వంటబట్టింది.

ఆదివారం కార్లు కట్టేవాళ్ళ క్లబ్బు మిత్రులొచ్చారు. టీ కప్పులు పట్టుకుని బండి చుట్టూ తిరిగారు. చక్రాలు బయటికొచ్చాయని అందరికీ కనిపిస్తూనే ఉంది. ఒక్కడూ ఆ సంగతి ఎత్తలేదు. "చాలా ఆసక్తికరంగా ఉంది, విల్ఫ్" అన్నారు. మా దగ్గర ఆ మాటకి అర్థం 'తగలేశావు' అని. ఎదుటివాడి బండి గురించైతే విల్ఫ్ కూడా ఆ మాటే అనేవాడు. తన బండి గురించి అనేసరికి మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండింది.

బండిని రోడ్డెక్కనిచ్చే ముందు తనిఖీ చేసే పరీక్షాధికారికి ఆ మర్యాద లేదు. టైర్లు మడ్‌గార్డు దాటాయని బండిని తిప్పి పంపించాడు. విల్ఫ్ ఆఫ్‌సెట్ ఎక్కువున్నవి తెచ్చాడు. అవి లోపల రాసుకున్నాయి. ఇంకో జత తెచ్చాడు. వంటింట్లో కుర్చీలు, సోఫా, మా ఇంటి పీట, అన్నిటి ఎత్తూ టేపుతో కొలిచాడు. చలికాలమంతా అలాగే గడిచింది.

ఆ చలికాలంలోనే ఒకరోజు బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె పట్టుకెళ్ళి చూస్తే, నెస్టా వంటింట్లో బోర్లించిన బీరు పెట్టె ముందు నిలబడి ఉంది. కారు సీటు ఎత్తుకి సరిపోయే పెట్టె. దానిమీద కూర్చోవడం సాధన చేస్తోందట. నా చెయ్యి పట్టుకుని సగం దాకా దిగింది. అక్కడితో ఆగిపోయింది. నుదుటి మీద చెమట.

"విల్ఫ్‌కి చెప్పకు" అంది. "చక్రాలైతే తను బాగుచెయ్యగలడు."

చెప్పాలి. కానీ చెప్పి ఎవరికి ఏం మేలు చేస్తాను? గ్యారేజీలోంచి విల్ఫ్ ఈల వినిపిస్తోంది. రొట్టె అక్కడ పెట్టి ఇంటికొచ్చి ఏడ్చాను.

వసంతంలో బండి పరీక్ష గట్టెక్కింది. పదిహేను అంగుళాల చక్రాలే, లోపలా బయటా ఎక్కడా తగలకుండా కుదిరాయి. విల్ఫ్ సీట్లో రెండు దిండ్లు వేసి తలుపు తీసి పట్టుకున్నాడు. నెస్టా మంచి కోటు తొడుక్కుని వచ్చింది. నేనొకపక్క, విల్ఫ్ ఒకపక్క పట్టుకున్నాం. ఆవిడ వీపు తిప్పి దిగబోయింది. తుంటి వంగలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. పళ్ళు బిగించింది, అయినా వంగలేదు.

విల్ఫ్ ఆవిడ మొహంలోకి చూడలేదు. జేబులోంచి టేపు తీసి ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇంకో అంగుళం పడుతుంది పిల్లా. ఆఫ్‌సెట్ కాస్త మార్చి, మడ్‌గార్డు అంచు కోసేస్తే..."

"చక్రాల గొడవ కాదు విల్ఫ్. నేను వంగలేను. క్రిస్మస్ ముందు నుంచే చేతకావడం లేదు."

విల్ఫ్ చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. "మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు చెయ్యనిచ్చావు?"

"నువ్వు చేస్తుంటే నేను ఎక్కుతాననే అనిపించేది."

విల్ఫ్ టైరు మీద చెయ్యి ఆనించాడు. లేవబోయాడు, మోకాళ్ళు పట్టేశాయి. నెస్టా వైపు చెయ్యి చాచాడు. ఆవిడా చెయ్యి చాచింది, కానీ అందేంత వరకు వంగలేకపోయింది.

నేనే వెళ్ళి లేపాను.