లెక్క సరిపోయిన బస్సు

1997లో, మార్గళి, అంటే ధనుర్మాసం, మొదలైన వారంలో, మా కంపెనీ నన్ను ఎయిర్‌పోర్టు డ్యూటీ నుంచి చార్టర్ విభాగానికి మార్చింది. మద్రాసులో టూరిస్టు బస్సులు నడిపే సంస్థల్లో మాది మధ్యరకం. నా హోదా టూర్ ఎస్కార్ట్. బండికి డ్రైవరు జవాబుదారీ, మనుషులకు నేను జవాబుదారీ. చార్టర్ అంటే ఒక కుటుంబమో ఒక సంఘమో బస్సు మొత్తాన్ని ఒక రోజుకు మాట్లాడుకోవడం. దారిలో కొత్తవాళ్ళను ఎక్కించుకోవడానికి పర్మిట్ ఒప్పుకోదు. మామూలు టూర్లలో ఆగిన ప్రతిచోటా మేమే తలలు లెక్కపెట్టేవాళ్ళం. చార్టర్‌లో మాత్రం పార్టీ లీడరు ఒకరుంటారు. అందరూ ఎక్కారని ఆ లీడరు చెబితే ట్రిప్ షీటులో రాసుకుని బండి కదిలించాలి. ఈ నియమం నాకు మొదటినుంచీ నచ్చలేదు. కానీ నా ఇష్టాయిష్టాలు అడిగి నియమాలు రాసేవాళ్ళు ఆఫీసుల్లో ఉండరు.

నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. ఇంట్లో అందరూ నవ్వేవారు. ఈ ఉద్యోగంలో మాత్రం ఆ గుణమే నన్ను నిలబెట్టింది. ధైర్యవంతులు ఎస్కార్టులుగా పనికిరారని ఇప్పటికీ నా అభిప్రాయం.

నాకు వచ్చిన మొదటి చార్టర్ పురసవాక్కంలోని ఒక మహిళా సంఘం వాళ్ళది. అందరూ తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగు వర్తకుల ఇళ్ళ ఆడవాళ్ళు. మార్గళిలో పెళ్ళిళ్ళుండవు, అంగళ్ళలో బేరాలు మందం, కాబట్టి వాళ్ళకు అది తీరిక కాలం. వెళ్ళేది రాణిపేట. ఆ చుట్టుపక్కల తోళ్ళ ఫ్యాక్టరీల్లో విదేశీ కంపెనీల పేర్లతో బూట్లు, చేతిసంచులు, జాకెట్లు తయారయ్యేవి. కుట్టులో కాస్త తేడా వచ్చినా ఆ కంపెనీలు తీసుకోవు. అలా మిగిలినవాటిని సెకండ్స్ అంటారు. లేబుల్‌ను కత్తెరతో అడ్డంగా కోసి, ఫ్యాక్టరీ గేటు పక్కనే ఒక షాపు కట్టి, చవగ్గా అమ్మేసేవారు. ఇప్పటి అవుట్‌లెట్ మాల్ అనేదానికి మనవైపు ముత్తాత అదే. సగం కోసిన లేబుల్ ఉన్న సంచి చేతిలో ఉంటే పురసవాక్కంలో ఆ ఇల్లాలి నడకే మారిపోయేది.

లీడరు వరదమ్మగారు. సంఘానికి కార్యదర్శి, నిండైన మనిషి, గొంతుకు మైకు అక్కర్లేదు. పొద్దున ఎక్కేటప్పుడు నేను పేర్లు పిలిచి టిక్కు పెట్టుకున్నాను. ఆఖరున ఒక కుర్రవాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పక్కనే ఉన్న చూలైలో ఒక హోల్‌సేల్ అంగట్లో లెక్కలు రాస్తాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఏడాది కాలేదు, పెళ్ళయి ఇంకా కొత్త. ఎవరో మానుకుంటే ఖాళీ అయిన సీటు అతని భార్యకు దొరికింది. అమ్మాయి పేరు శ్యామల. ఆమె ఎక్కాక అతను కిటికీ దగ్గరికి రాకుండా నా దగ్గరికి వచ్చాడు.

"జర చూస్కోండి అక్కా, ఈమెకు అరవం రాదు," అన్నాడు.

చూసుకుంటానన్నాను. శ్యామల మాత్రం వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా అతనివైపే చూసింది.

రాణిపేట చేరగానే షాపు మేనేజరు వాకిట్లోనే అందరినీ ఆపి జాగ్రత్తలు చెప్పాడు. షాపు వెనక నీలం ఇనుప తలుపు ఉంది. అది దాటితే నడవ. నడవలో ఎడమకు తిరిగితే మరుగుదొడ్లు. కుడికి మాత్రం ఎవరూ పోవద్దు, అటు పాత సున్నపు గుంతలున్నాయి అన్నాడు. పచ్చి తోళ్ళ మీది వెంట్రుకలు ఊడిపోవడానికి వాటిని సున్నం నీళ్ళలో నానబెడతారు. అందుకోసం నేలలో తవ్విన తొట్లు అవి. మనిషి లోతు ఉంటాయి, చుట్టూ గోడ ఉండదు, మధ్యలో నడవడానికి సన్నటి గట్లు. ఆయన చెప్పింది తమిళంలో. నేను దాన్ని తెలుగులో మళ్ళీ చెప్పేసరికి సగం మంది అప్పటికే బూట్ల గుట్టల మధ్యకు దూరిపోయారు. ఒకసారి తలుపు తెరిచి తొంగిచూశాను. ఆ వాసన గొంతులో పట్టుకుంది. గుంతల్లో తెల్లగా, కదలకుండా ఉన్న నీళ్ళు చూసి వెంటనే తలుపు మూసేశాను.

ఆ తర్వాత రోజంతా ఎవరికి వారే యమునా తీరే. సాయంత్రం షాపు మూసే వేళకు కరెంటు పోయింది. బిల్లులు కొవ్వొత్తి వెలుగులో కట్టి, మూటలు మోసుకుంటూ అందరూ ఒక్కసారిగా బస్సు మీద పడ్డారు. నేను అలవాటు కొద్దీ వేలు చూపిస్తూ లెక్కపెట్టబోయాను. ముందు సీట్లో ఉన్న ఒక పెద్దావిడ నా వేలు పట్టుకుని కిందికి దించింది.

"ఏలు చూపించి తలకాయలు ఎంచొద్దు తల్లీ. దిష్టి," అంది.

వరదమ్మగారు లేచి, మీకెందుకమ్మా శ్రమ అని, ఇంటిపేరు పెట్టి పిలుస్తూ మీ ఇంట్లో ఎంతమంది ఎక్కారని వరసగా అడిగారు. వాళ్ళు చెబుతుంటే కూడుతూ పోయారు. వర్తకుల ఇంటి ఆడపడుచు, కూడికలో తడబాటు లేదు. మొత్తం నా షీటులోని అంకెతో సరిపోయింది. లీడరు మాటే లెక్క కాబట్టి రాసుకున్నాను. బండి కదిలింది.

కావేరిపాక్కం దాటాక టీ కోసం ఆపాం. చాలామంది దిగలేదు, గ్లాసులు నేనే లోపలికి అందించాను. వెనక వరసలో చూలై నుంచి వచ్చిన తోడికోడళ్ళు కూర్చున్నారు. వాళ్ళు ఇందాక నలుగురమని చెప్పారు కాబట్టి నాలుగు గ్లాసులు పట్టుకెళ్ళాను. పెద్దామె మూడు చాలన్నది. నాలుగో ఆమె తాగదా అని అడిగాను.

"మనుషులం ముగ్గురమే. నాలుగోది ఇదో, ఈడ ఉండాది," అని చేతిరుమాలు విప్పి చూపించింది. అందులో ఒక గులకరాయి.

ముగ్గురు కలిసి బయలుదేరితే పని చెడుతుందని మావాళ్ళ నమ్మకం. తప్పనిసరైతే ఒక రాయిని వెంట తీసుకెళ్తారు. ఇల్లు చేరేదాకా ఆ రాయి నాలుగో మనిషి. ఎవరు అడిగినా నలుగురమనే చెప్పాలి, ముగ్గురమని నోట రాకూడదు. మా అమ్మా అలాగే చేసేది, నేనూ చేశాను. ఆమె చెప్పింది అబద్ధం కాదు, పద్ధతి.

కానీ రాయిని కలుపుకుని లెక్క సరిపోయిందంటే, ఒక మనిషి తక్కువ.

గ్లాసులు అక్కడే పెట్టేశాను. ఒక్కొక్క సీటు దగ్గర ఆగి మొహాలు చూసుకుంటూ నడిచాను. మధ్యలో ఒక కిటికీ పక్కన మనిషి లేదు, గుడ్డసంచి ఒక్కటే ఉంది. ఆ సీటు శ్యామలది. పక్కనున్నావిడను అడిగితే, "ఎనకాల ఎవురితోనో మాట్లాడతా కూర్చున్నాదనుకుంటిని," అంది. ఇంటింటినీ అడిగినప్పుడు ఆ అమ్మాయి తరఫున జవాబు చెప్పడానికి ఒక ఇల్లు లేదు. అందుకే ఆమె లేదని ఎవరికీ తెలియలేదు.

టీ అంగడి పక్కనే ఎస్‌టీడీ బూత్ ఉంది. షాపు నంబరు తిప్పాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. తర్వాత మా ట్రాఫిక్ మేనేజరుకు చేశాను. దారి మధ్యలో బండిని వెనక్కి తిప్పే అధికారం ఎస్కార్టుకు లేదు, అది ఆయనది. ఆయన శాంతంగా, బస్సును మద్రాసుకు పంపించేసి నువ్వొక్కదానివి రూటు బస్సు పట్టుకుని వెళ్ళి వెతుకు అన్నాడు. ఆ వేళప్పుడు రూటు బస్సు ఎప్పుడొస్తుందో, ఎక్కడ దింపుతుందో, ఆ గేటు దగ్గరికి ఒంటరిగా ఎలా నడవాలో తెలియదు. అంతకంటే, ఆ నీలం తలుపు నా కళ్ళ ముందునుంచి పోవడం లేదు. సరేనండీ అని ఫోను పెట్టేసి వచ్చి, బండి తిప్పమని డ్రైవరు మునుసామికి చెప్పాను.

మునుసామి బీడీ ఆర్పాడు. "తిప్పేదానికి నాకేం. ఆపీసులో ఎవురు జవాబు చెప్తారు?"

నేను చెప్తానన్నాను. అతను ఎక్కి బండి తిప్పాడు.

బస్సులో గొడవ మొదలైంది. చీకటి పడింది, ఇళ్ళల్లో పిల్లలున్నారని ఒకరు, బయలుదేరిన దారిని వెనక్కి తిరగడం మంచిది కాదని మరొకరు. వరదమ్మగారు అంతసేపూ తలవంచుకుని ఉన్నారు. ఆవిడ కూడిన కూడికను ఆవిడే మనసులో మళ్ళీ మళ్ళీ కూడుకుంటున్నట్టుంది. చివరికి లేచి నిలబడ్డారు.

"అందురూ నోరు మూసుకోండి. ఆ పిల్ల మొగుడు పొద్దున ఆడ నిలబడి చూస్తా ఉండె. వాడికి నేనేం చెప్పేది?" అన్నారు.

ఆ తిరుగు ప్రయాణంలో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. ఊరికే తప్పిపోయి ఉంటే రోడ్డు మీద ఎవరినైనా సైగలతో అడుగుతుంది, ఏదో ఒక ఇల్లు చేరుతుంది. కానీ మరుగుదొడ్డికి వెళ్ళి ఉంటే? కరెంటు పోయింది. తలుపు మూశారు. ఏ వైపు పోవద్దో నేను తెలుగులో చెప్పింది ఆమె విన్నదో లేదో. తెల్లని ఆ నీళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా ముందు సీటు రాడ్డును గట్టిగా పట్టుకున్నాను. ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపాల వెలుగులో రోడ్డు పక్కన ఆడమనిషి ఎవరైనా నడుస్తోందేమోనని వెతికాను. ఎవరూ లేరు.

షాపు చీకటిగా ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తాళం వేసేముందు తాను రెండుసార్లు లోపలంతా తిరిగి చూశానని, గట్టిగా అరిచినా ఎవరూ పలకలేదని తమిళంలో ఒట్టు పెట్టాడు. మునుసామి అతనితో గొడవపడుతుంటే నేను వరదమ్మగారిని ముందుకు పంపాను. ఆవిడ గొంతుకు తాళం తనంతట తనే తెరుచుకున్నట్టయింది.

వాచ్‌మన్ టార్చి వేసుకుని ముందు నడిచాడు. మరుగుదొడ్లలో ఎవరూ లేరు. కుడివైపు తిరిగాం. అతను తమిళంలో, ఎవరమ్మా అక్కడ అని కేకేశాడు. నిశ్శబ్దం. చూశారా అన్నట్టు నావైపు తిరిగాడు. ఈసారి నేను తెలుగులో పిలిచాను.

"శ్యామలా, నేనమ్మా. మన బస్సులో అక్కను."

"ఈడ్నే ఉన్న అక్కా."

గొంతు మేమనుకున్నదానికంటే చాలా దగ్గర్నుంచి వచ్చింది. టార్చి అటు తిరిగింది. రెండు గుంతల మధ్య గట్టు మీద, చేతులు రెండూ ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. కదలొద్దని నేను చెప్పేలోపే, కదలనని తలాడించింది. ఆ గట్లు అలవాటైన వాచ్‌మన్ వెళ్ళి తన చేతికర్ర రెండో కొస ఆమెకు అందించి, అడుగులో అడుగు వేయిస్తూ తీసుకొచ్చాడు.

నడవలోకి రాగానే నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. వాచ్‌మన్ పిలిస్తే ఎందుకు పలకలేదని అడిగాను.

"కరెంటు పోంగనే దారి తెల్వలే. ఎవరో మొగోళ్ళు అరుస్తున్నరు, ఏమంటున్నరో సమజైతలేదు. భయమైంది. సప్పుడు చెయ్యకుండ దూరం పోదామనుకున్న. ఒక చెప్పు జారి నీళ్ళల్ల పడ్డది. ఆ సప్పుడు ఇన్నంక ఇగ కాలు కదపలే."

ఆమెను భయపెట్టింది వెతకడానికి వచ్చిన మనిషే. ఆమెను కాపాడింది ఒక చెప్పు. అందులో నా పనితనం ఏమీ లేదు.

బస్సెక్కాక వరదమ్మగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తన శాలువా కప్పారు. ఎవరో నీళ్ళిచ్చారు, ఎవరో అరటిపండు ఇచ్చారు. అందరూ ఒకేసారి మంచివాళ్ళయిపోయారు. మద్రాసు పొలిమేరల్లో పూందమల్లి దాటాక శ్యామల నావైపు తిరిగి, నిష్ఠూరం లేకుండా, తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"నన్ను ఎవ్వరు లెక్కపెట్టలేదా అక్కా?"

లెక్క సరిపోయింది అనే జవాబు నా దగ్గరుంది. దాన్ని ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను.

అనుమతి లేకుండా బండి తిప్పినందుకు ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. తిప్పాను, కారణం ఇది అని జవాబు రాసిచ్చాను. తర్వాత కొన్నాళ్ళకు చార్టర్లలో కూడా ఎస్కార్టే పేర్లు పిలవాలని నియమం మార్చారు. దిష్టి తగులుతుందని ఎవరైనా అంటే, వేలు చూపించను, పేరు పిలుస్తాను, పలకండి అనేదాన్ని. పేరుకు దిష్టి లేదు, రాయి పలకదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక్క విషయమే చెప్పేదాన్ని. జాబితాలో ఏ క్రమంలో ఉన్నా, ఒంటరిగా వచ్చినవాళ్ళ పేర్లు ముందు పిలవండి. గుంపుతో వచ్చినవాళ్ళు తప్పిపోతే వాళ్ళవాళ్ళు గోల చేస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్ళు తప్పిపోతే బస్సులో ఏ గోలా ఉండదు.